టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్ వేయించుకోవాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

కర్నూలులో ఉండే మా తమ్ముడికి 34 ఏళ్లు. ఒకటే నీరసం, దేని మీదా ఆసక్తి లేదు. జిమ్‌లో ఎవరో "టెస్టోస్టెరాన్ తగ్గింటుంది అన్నా, ఇంజెక్షన్ వేసుకుంటే సరిపోతుంది" అన్నారట. మధ్యాహ్నం అన్నం తిని వెళ్లి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాడు. 270 అని వచ్చిన రిపోర్టు పట్టుకుని టెన్షన్‌తో మా ఇంటికొచ్చాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రిపోర్టును పక్కన పెట్టండి. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి, పగలు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది. అందుకే పరగడుపున, 10 గంటలలోపు, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. జ్వరం ఉన్నప్పుడు ఇవ్వకండి. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువ వచ్చి, దానితోపాటు కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగం గట్టిపడకపోవడం లాంటి లక్షణాలు ఉంటేనే చికిత్స గురించి ఆలోచించాలి. ఉత్త నీరసమే ఉంటే థైరాయిడ్, షుగర్, రక్తహీనత, నిద్ర, మనసులోని దిగులు, వీటిని ముందు చూపించుకోండి.

నిజంగానే తక్కువ ఉంటే, ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలతో లోపం వృషణాల్లో ఉందో, మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో ఉందో డాక్టరు తేలుస్తారు. పొట్ట బాగా పెరిగినవాళ్లలో బరువు తగ్గితే ఈ అంకె దానంతటదే కొంత పెరుగుతుంది.

తర్వాత ఇంట్లో కూర్చుని భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది: ఇంకా పిల్లలు కావాలా? బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే, ఒంట్లో సరిపడా ఉందనుకుని మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి. మందు మానేశాక మళ్లీ రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మా తమ్ముడికి పెళ్లయి రెండేళ్లు, పిల్లల కోసం ఎదురుచూస్తున్నారు. ఈ ముక్క వాడికి జిమ్‌లో ఎవరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది అందుకే. పిల్లలు కావాలనుకునేవాళ్లకు వేరే మందులున్నాయి, డాక్టరును అడగండి.

ఇప్పుడు లాభనష్టాలు. నిజంగా లోపం ఉన్నవాళ్లలో కోరిక పెరుగుతుంది, అంగస్తంభన కొంత మెరుగవుతుంది, రక్తహీనత తగ్గుతుంది. నీరసం విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. గుండె భయం చాలామందికి ఉంటుంది. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి, గుండెజబ్బు గానీ దాని ముప్పు గానీ ఉన్న 5,000 మందికి పైగా మగవాళ్లపై చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, ఎముకలు విరగడం కొంచెం ఎక్కువగా కనిపించాయి.

ప్రొస్టేట్ లేదా రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, గత ఆరు నెలల్లో గుండెపోటు వచ్చినవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు చికిత్స తీసుకోనివాళ్లు దీని జోలికి పోకూడదు.

రక్తం చిక్కబడటం ఇందులో తరచుగా కనిపించే ఇబ్బంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 54 శాతం దాటితే డాక్టరు మందు ఆపుతారు. మన సీమ ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గినా ఆ అంకె పెరుగుతుంది కాబట్టి వేసవిలో నీళ్లు బాగా తాగండి.

మొదలుపెట్టాలని తేలితే పెద్దాసుపత్రిలో గానీ, ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గర గానీ చీటీ రాయించుకుని మొదలుపెట్టండి. జెల్ అయితే రాసుకున్న చోట చొక్కా కప్పుకుని, చేతులు సబ్బుతో కడుక్కునే పిల్లల్ని ఎత్తుకోండి, అది వాళ్ల చర్మానికీ అంటుకుంటుంది. మూడు నుంచి ఆరు నెలల్లోపు టెస్టోస్టెరాన్, హెమటోక్రిట్, వయసును బట్టి పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) మళ్లీ చేయించాలి. అప్పటికీ లక్షణాల్లో మార్పు లేకపోతే ఆపేద్దామా అని డాక్టరును అడగండి.