ఇంటి నుంచి పాఠానికి: నాలుగో భాగం

ఈసారి తరగతిలో చర్చ ఎలా నడపాలో రాస్తానన్నాను. అది వచ్చేసారికి. స్పానిష్ మాట్లాడే పిల్లల ఇళ్లకు వెళ్లి, అక్కడి పనులూ తెలివితేటలూ చూసి, వాటి మీద పాఠం అల్లమని పోయినసారి చెప్పాను. అది చదివి వెళ్లొచ్చినవాళ్లు రాసినవి చూశాక, ముందు ఆ వెళ్లే తీరును సరిచేయకపోతే పైన ఏం చెప్పినా నిలవదనిపించింది.

డాలస్, హ్యూస్టన్ వైపు బడుల్లో పనిచేస్తున్న మన తెలుగు టీచర్లు చాలామంది ఒకే మాట రాశారు: "వెళ్లాం, ముక్తసరిగా జవాబులు చెప్పారు, వచ్చేశాం." ఇరవై ప్రశ్నల ఫారం పట్టుకెళ్లారట. ఏం అడగాలో రాసి, ఎలా అడగాలో రాయకపోవడం నా పొరపాటు. మన ఊళ్లో సర్వేకి ఎవరైనా పెన్నూ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడితే మన అమ్మమ్మలు ఎంత ఆచితూచి మాట్లాడేవారో గుర్తు తెచ్చుకోండి. మీరు వెళ్లిన ఇంటి తల్లికీ అదే భయం. ఫారం ఇంట్లోనే వదిలేయండి. నేనైతే తిరిగొచ్చి కారులో కూర్చున్నాక రాసుకుంటాను. స్పానిష్ రాకపోతే మాట సాయానికి ఎవరైనా పెద్దవాళ్లను తీసుకెళ్లండి, పిల్లాడిచేత అనువాదం చేయించకండి. వీసా, పత్రాల సంగతి పొరపాటున కూడా ఎత్తకండి. పత్రాలు లేవని పిల్లలకు ప్రభుత్వ బడిలో చోటు లేదనకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆ కేసు మన టెక్సస్‌దే.

ఈ పద్ధతి అరిజోనాలోని టూసాన్‌లో రూపుదిద్దుకుంది. పరిశోధకులు లూయీస్ మోల్, నార్మా గొన్సాలెస్, వాళ్లతో పనిచేసిన టీచర్లు కలిసి మెక్సికన్ కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఆ ఇళ్లలో ఏ పనులు, ఏ తెలివితేటలు ఉన్నాయో నేర్చుకుని వచ్చారు. 1992లో వాళ్లు రాసిన వ్యాసంలో ఒక పిల్లాడుంటాడు, మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయిలు అమ్ముతుంటాడు. వాళ్ల టీచర్ దాన్ని పట్టుకుని మిఠాయిల మీదే పాఠం నడిపింది, ఒక తల్లి క్లాసుకొచ్చి మిఠాయి చేసి చూపించింది.

ఇక నాకు నిజంగా బాధ కలిగించినది. కొందరు లెక్కలో "జాన్ దగ్గర 12 యాపిల్స్" కొట్టేసి "హోసే దగ్గర 12 టాకోలు" అని రాసి, పరిశోధనను అమలు చేశామంటున్నారు. చిన్నప్పుడు మన పుస్తకంలో రాము, మామిడిపండ్లు ఉన్నాయని మనలో ఎవరికైనా భాగహారం త్వరగా వచ్చిందా? పేరు మార్చినా లెక్క అదే, పిల్లాడి ఇంట్లో ఉన్న తెలివికి అందులో చోటు లేదు. గోడకు సొంబ్రేరో (మెక్సికన్ టోపీ) బొమ్మ అతికించడమూ ఇంతే. పైగా హ్యూస్టన్‌లో మీ ముందు కూర్చున్న పిల్లాడిది మెక్సికో కాక ఎల్ సాల్వడార్ కావచ్చు, వాళ్లింట్లో టాకోల బదులు పుపుసాలు చేస్తారు. మనల్ని చూసి "మీది మద్రాసే కదా" అంటే ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉంటుంది. మీరు రాసిన లెక్కలోంచి ఆ ఇంటిని తీసేసి చూడండి. లెక్క చెక్కుచెదరకుండా నిలబడితే మీరింకా ఏమీ చేయనట్టే.

ఒక ఎనిమిదో తరగతి పిల్లాడి నాన్న ఇళ్లకు పైకప్పులు వేస్తాడు. నేను వెళ్లినప్పుడు పెరట్లో షెడ్ దగ్గరికి తీసుకెళ్లి, లెవెల్‌ను (మట్టం చూసే పట్టీని) కప్పు అంచుకు ఆనించి, బుడగ మధ్యకు వచ్చేదాకా అడ్డంగా పట్టుకుని, దాని మీద 12 అంగుళాల గుర్తు దగ్గర నుంచి కిందికి కప్పు దాకా టేపు దించాడు. నాలుగు అంగుళాలు. "పెండియెంతే," అన్నాడు స్పానిష్‌లో. నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని, నాకు వెంటనే "వాలు" అన్న మాట తట్టింది. 4/12. క్లాసులో "రైజ్ ఓవర్ రన్" (నిలువును అడ్డంతో భాగించడం) అని బట్టీ పట్టి పరీక్షలో తలకిందులు చేసే పిల్లాడు, అక్కడ నాన్న కంటే ముందే "ఫోర్ ట్వెల్వ్" అన్నాడు. మర్నాడు బళ్లో వీల్‌చెయిర్ ర్యాంపు కొలిపించాను. దానికి నిబంధనల ప్రకారం వాలు 1:12 దాటకూడదు. ఎలా కొలవాలో మిగతావాళ్లకు చూపించింది ఆ పిల్లాడే.

పిల్లలకు నచ్చింది కదా అని అక్కడితో ఆగిపోకండి. 1981లో టెక్సస్‌లోని రేమండ్‌విల్ బడుల మీద నడిచిన కస్తన్యేదా కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల కార్యక్రమాలకు మూడు పరీక్షలు పెట్టింది: పద్ధతికి నిపుణులు ఒప్పుకునే ఆధారం ఉందా, సరిపడా టీచర్లూ సామగ్రీ ఇచ్చి నడిపారా, కొంతకాలం తర్వాత ఫలితం వచ్చిందా. మూడోదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు.

అభ్యాసం: ఈ వారం ఒకే ఇల్లు, ఒక గంట, చేతిలో ఏమీ లేకుండా. అక్కడ చూసిన పని మీద ఒక పాఠం రాయండి. పాఠానికి ముందు మూడు లెక్కల చీటీ, అయ్యాక మరో మూడు, రెండు వారాల తర్వాత అదే స్థాయిలో ఇంకో మూడు. చివరి చీటీలో ఇంటి ఊసు ఉండకూడదు, మామూలు గ్రాఫ్ పేపర్ మీద గీత చాలు. మూడు చీటీలూ పక్కపక్కన పెట్టి, ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడో పేరుపేరునా రాసుకోండి. వచ్చేసారి అక్కడి నుంచే మొదలుపెడదాం.