వీధి పియానోకి రంగులు వేసే ముందు జాగ్రత్తలు

2008లో బర్మింగ్‌హామ్‌లో ల్యూక్ జెరమ్ అనే బ్రిటిష్ కళాకారుడు ఎవరైనా వాయించుకునేలా 15 పియానోలను వీధుల్లో పెట్టాక, ఈ సరదా చాలా నగరాలకు పాకింది. మీ డ్రాయింగ్ క్లాసు పిల్లలతో అలాంటిది చేయబోతుంటే, బ్రష్ ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- ముందు ట్యూనర్‌కి (పియానో శ్రుతి సరిచేసే వ్యక్తికి) చూపించండి. ట్యూనింగ్ నిలవని పియానోకి ఎంత అందంగా వేసినా దండగే.

- నిలువు పియానో 200 కిలోలు దాటవచ్చు. ఇనుప ఫ్రేము వెనకవైపు ఉంటుంది కాబట్టి తోసేటప్పుడు వెనక్కి పడే ప్రమాదం ఎక్కువ. జరిపేది పెద్దవాళ్లే. చక్రాలకు అడ్డు పెట్టాకే పిల్లల్ని దగ్గరికి రానివ్వండి.

- పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పరీక్షించకుండా శాండ్‌పేపర్ పట్టొద్దు, ఆ పని పిల్లలకు అసలే ఇవ్వొద్దు.

- ముందు పలకలు చాలావరకు ఊడి వస్తాయి. వాటిని నేలమీద పరిచి వేస్తే రంగు కారదు, నలుగురు పిల్లలు చుట్టూ కూర్చోవచ్చు. ఏది ఎక్కడిదో ఫోటో తీసి ఉంచుకోండి.

- తీగలు, సుత్తులు, ఫెల్ట్, సౌండ్‌బోర్డ్ (తీగల వెనక ధ్వనిని పెంచే చెక్క పలక) జోలికి పోవద్దు. స్ప్రే చేస్తే లోపలంతా కప్పేయండి.

- వేళ్లతో నొక్కే మెట్ల (కీల) మధ్య సందు చాలా సన్నం. పక్క అంచులకు రంగు అంటిందా, మెట్టు ఇరుక్కుపోతుంది. మెట్ల పైభాగం మీద బొమ్మలు వేయాలనిపిస్తుంది, నిజమే. కానీ వేళ్ల రాపిడికి నాలుగు రోజుల్లో లేస్తాయి. టేపు వేసి వదిలేయడమే నయం.

- ప్రైమర్, అక్రిలిక్, ఆపై ఎండను తట్టుకునే వార్నిష్. మూత అంచులు పూర్తిగా ఆరకముందే మూస్తే అతుక్కుపోతాయి.

- వానకు టార్పాలిన్ ఎవరు కప్పుతారో పేరుతో సహా రాసుకోండి.