బ్యూటీ గురించి ఏమీ తెలీకుండా నెయిల్ టెక్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

నాకు 33 ఏళ్లు వచ్చేదాకా ఐబ్రోస్‌కి తప్ప పార్లర్ మెట్లెక్కింది లేదు. ఎనిమిదేళ్లు అమెరికా మెడికల్ బిల్లింగ్ చేశాను, నైట్ షిఫ్టు, సాయంత్రం క్యాబ్ ఎక్కితే మళ్లీ కూకట్‌పల్లిలో దిగేసరికి తెల్లారిపోయేది, మా పాప స్కూల్ బస్సు ఎక్కే టైముకి నేను దుప్పటి కప్పుకునేదాన్ని. ఇప్పుడు నెయిల్ టెక్‌గా, అంటే గోళ్లకి రంగులూ ఎక్స్‌టెన్షన్లూ వేసే పనిలో, నాకిది నాలుగో ఏడు, ఇంట్లోనే ఒక గది సెటప్ చేసుకున్నా. వారానికి ఒకరిద్దరైనా "అక్కా, నాకు బ్యూటీ ఫీల్డ్ అస్సలు తెలీదు, జాబ్ మానేసి ఇందులోకి రావొచ్చా" అని అడుగుతుంటారు, అందుకే నాకు తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నా.

మేకప్ రాదు, జడలు వేయడం రాదు, బొమ్మలు గీయడం రాదు, ఇవేవీ అడ్డం కాదు. రెండున్నర గంటలు వంగి కూర్చుని ఒక మిల్లీమీటర్ దగ్గర చెయ్యి వణక్కుండా పని చేయగలరా, శుభ్రం విషయంలో మొండిగా ఉండగలరా, ఈ రెండే చూస్కోండి. నెయిల్ ఆర్ట్ తర్వాత సంగతి, స్టిక్కర్లూ క్రోమ్ పౌడర్లూ ఎవరైనా పెడతారు. జెల్, అంటే ల్యాంపు వెలుతురులో గట్టిపడే రంగు, చర్మానికి తగలకుండా, గోరు పాడవకుండా, మూడు వారాలు గోరు నుంచి లేవకుండా చేయగలిగిన మనిషి దగ్గరికే కస్టమర్ మళ్లీ వస్తుంది.

కోర్సుకి డబ్బులు కట్టేముందు రెండు పనులు చేయండి. ఒకటి, మంచి చేయి తిరిగిన టెక్ దగ్గర మీరే ఎక్స్‌టెన్షన్స్ (గోరు పొడవు పెంచే అతుకులు) వేయించుకోండి, మూడు వారాలు ఉంచుకోండి. ఆ గోళ్లతో పప్పన్నం కలుపుకోండి, గిన్నెలు తోమండి, చీర కుచ్చిళ్లు పెట్టుకోండి, అప్పుడు కస్టమర్ ఇంటికెళ్లాక పడే బాధేంటో మీ వేళ్లకే తెలుస్తుంది. రెండోది, మామూలు నెయిల్ పాలిష్ సీసా ఒకటి తీసుకుని ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లకి వేయండి, గోరు మొదట్లో చర్మానికీ రంగుకీ మధ్య వెంట్రుక మందం గ్యాప్ వదలాలి, పది వేళ్లకీ ఒకేలా ఉండాలి. నేను నెల రోజులు రోజూ మా అత్తయ్యకీ పాపకీ వేసి తుడిచి మళ్లీ వేసేదాన్ని, మొదటివారం అంతా చర్మం మీదకి పారిపోయేది. ఈ నెల రోజుల్లో మీకు విసుగొచ్చేస్తే అక్కడితో ఆగిపోవచ్చు, 60 రూపాయల సీసాతో పోతుంది.

కోర్సు విషయంలో నేను మోసపోయానని చెప్పలేను గానీ సరిగ్గా అడగకుండా కట్టాను. 15 రోజులకి 35 వేలు, 14 మందిమి, ల్యాంపులు నాలుగు, మనుషుల చేతుల మీద చేసింది ఒక్కటంటే ఒక్క రోజు, మిగతా అంతా ప్లాస్టిక్ ప్రాక్టీస్ హ్యాండ్ మీదే. ప్లాస్టిక్ చెయ్యికి రక్తం రాదు, చెమట పట్టదు, అబ్బా అని లాక్కోదు. అందుకే మీరు వెళ్లి అడగాల్సినవి: ఒక టీచర్‌కి ఎంతమంది, లైవ్ మోడల్స్ మీద ఎన్ని సెట్లు చేయిస్తారు, అరగదీసే డ్రిల్ మెషీన్ నిజం గోరు మీద పట్టిస్తారా, రిమూవల్, అంటే వేసిన జెల్ తీయడం, నేర్పిస్తారా, ఇన్‌ఫెక్షన్లూ ఎలర్జీల గురించి క్లాసుందా. రిమూవల్ మాట ఎత్తని చోటికి వెళ్లకండి. మన దగ్గర నెయిల్ టెక్‌కి విడిగా ప్రభుత్వ లైసెన్స్ పరీక్ష లేదు కాబట్టి సర్టిఫికెట్ కోసమే కంగారు పడక్కర్లేదు, కాకపోతే సెలూన్‌లో ఉద్యోగం కావాలనుకుంటే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం నడిచే కోర్సు పనికొస్తుంది.

ఇక అసలు పని. గోరు మొదట్లో పల్చగా తెల్లగా అంటుకుని ఉండే చచ్చిన పొర ఉంటుంది చూడండి, అదీ క్యూటికల్. దాని పైన మడతలా ఉండే బతికున్న చర్మం వేరు, చాలామంది దాన్నే క్యూటికల్ అనుకుని నిప్పర్‌తో కోసేస్తారు, అది లోపల గోరు పుట్టే చోటుని కాపాడే తలుపు లాంటిది, కోస్తే గోరుచుట్టు లేస్తుంది. మీరు తీయాల్సింది గోరు మీద అంటుకున్న ఆ చచ్చిన పొర ఒక్కటే. పుషర్‌తో మెల్లగా వెనక్కి నెట్టి, పొర గీకి, 180 లేదా 240 గ్రిట్ బఫర్‌తో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్ది, దుమ్ము దులిపి, డీహైడ్రేటర్ (గోరు మీద తేమ తీసేది), ప్రైమర్ (జెల్ పట్టుకునేలా చేసేది), ఆ తర్వాతే బేస్ కోటు, అంటే మొదటి జెల్ పొర. పల్చగా వేయండి, గోరు చివర అంచుకి కూడా తాకించండి, దాన్నే క్యాపింగ్ అంటారు. నా దగ్గరికి రిపేర్‌కి వచ్చే లిఫ్టింగ్ (జెల్ లేచిపోయిన) కేసుల్లో ఎక్కువ ఈ ప్రెప్‌లో, అంటే గోరు సిద్ధం చేయడంలో, పోయినవే, జెల్ బ్రాండ్‌ని తిట్టి లాభం లేదు.

డ్రిల్ మెషీన్ గురించి నా అనుభవం చెప్తా. కొత్తలో మా పిన్ని కూతురికి చేస్తూ క్యూటికల్ పొర చేత్తో వచ్చేస్తున్నా స్టైలుగా ఉంటుందని డ్రిల్ పట్టాను, గోటితో పోయేదానికి గొడ్డలి పట్టడమంటే ఇదే, తిరిగే మొన, అదే బిట్, కాస్త నిటారుగా పడింది, ఆ పిల్ల "అక్కా మండుతోంది" అని చెయ్యి లాక్కుంది. మూడు గోళ్ల మీద నెలవంకలా ఎర్రటి గాడి పడిపోయింది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, ఆ గాడి మెల్లమెల్లగా జరుగుతూ చివరికొచ్చి కత్తిరించేదాకా దగ్గర దగ్గర ఆర్నెల్లు పట్టింది, ఇంట్లో ప్రతి ఫంక్షన్‌లో దాని చెయ్యే నాకు ముందు కనిపించేది. కాబట్టి మొదటి రెండు నెలలు డ్రిల్‌ని నిజం గోరు జోలికి తీసుకెళ్లొద్దు, పైన ఉన్న పాత జెల్ మందం తగ్గించడానికే వాడండి, తక్కువ స్పీడులో, బిట్‌ని గోరుకి సమాంతరంగా పడుకోబెట్టి, ఒకేచోట ఆపకుండా.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దీన్ని దయచేసి దాటేయకండి. జెల్, యాక్రిలిక్, పాలీజెల్ అన్నీ యాక్రిలేట్ కుటుంబం కెమికల్సే. గట్టిపడ్డాక పర్లేదు, గట్టిపడక ముందు చర్మానికి పదే పదే తగిలితే ఎలర్జీ వస్తుంది, దురద, ఎర్రగా పొక్కులు, వేళ్ల చివర తోలు లేవడం. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, పైగా పళ్ల ఫిల్లింగుల్లోనూ, ఎముకల ఆపరేషన్‌లో వాడే సిమెంట్‌లోనూ ఇదే కుటుంబం కెమికల్స్ ఉంటాయి కాబట్టి అక్కడ కూడా ఇబ్బంది అవ్వొచ్చు. నాతో పాటు నేర్చుకున్న ఒకమ్మాయి ఏడాది తిరక్కుండానే ఇదే కారణంతో మానేసింది, చెయ్యి ఎంత అందంగా తిరిగేదో. చర్మం మీద జెల్ పడితే ల్యాంపులో పెట్టే ముందే తుడిచేయాలి. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, జెల్ అంటితే వెంటనే మార్చేయండి. మీ జెల్ కంపెనీ ఏ ల్యాంపు చెప్తే అదే వాడండి, వేరే ల్యాంపులో పైన గట్టిపడినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. ఎక్కువగా ఎలర్జీ తెచ్చేది హెమా అనే పదార్థం, హెమా ఫ్రీ అని రాసినవి దొరుకుతున్నాయి, కానీ అందులోనూ వేరే యాక్రిలేట్లు ఉంటాయి కాబట్టి జాగ్రత్త అదే. జెల్ ల్యాంపులో గట్టిపడటానికి కలిపే టీపీవో అనే ఇంకో పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించింది, అక్కడ అమ్ముడుపోని స్టాక్ ఇక్కడ చవగ్గా దొరికితే సంబరపడకుండా లేబుల్ చదవండి. లేబుల్ లేని సీసా ఎంత చవకైనా వద్దు.

కిట్ కోసం నేను మొదట బేగంబజార్ మొత్తం తిరిగాను, అక్కడ టిప్స్ (గోరుకి అతికించే ప్లాస్టిక్ చివరలు), ఫైల్స్ (గోరు రాసే గరుకు పట్టీలు), కాటన్, ఫాయిల్, డబ్బాలు హోల్‌సేల్‌లో బాగా కలిసొస్తాయి, కానీ జెల్స్, ప్రైమర్, ల్యాంపు మాత్రం బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే తీసుకున్నా. మొత్తం 18 వేలయ్యింది. 200 రంగులు కొనకండి, ఎరుపు, మెరూన్, నలుపు, తెలుపు, రెండు మూడు న్యూడ్ షేడ్లు చాలు, మన ఒంటి రంగుకి నప్పే న్యూడ్ దొరకడమే కష్టం, దానికి మాత్రం టైము పెట్టండి. డబ్బు మిగిలితే డస్ట్ కలెక్టర్ కొనండి, ఆ ఫైలింగ్ పొడి రోజూ పీల్చేది మీరే, మాస్కు ఎలాగూ ఉండాలి.

శుభ్రం గురించి ఒకటే గట్టిగా చెప్తా, నీలం లైటు వెలిగే ఆ యూవీ డబ్బాలో పడేస్తే టూల్స్ స్టెరిలైజ్ అయిపోవు. ముందు సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి, డిసిన్ఫెక్టెంట్‌లో లేబుల్ మీద రాసినంత సేపు మునిగేలా ఉంచాలి, వీలైతే ఆటోక్లేవ్, అంటే ఒత్తిడితో 121 డిగ్రీల ఆవిరి. పేపర్ ఫైళ్లు, బఫర్లు కడిగితే శుభ్రం కావు, ఒక కస్టమర్‌వి ఇంకొకరికి వాడొద్దు, నేను పేరు రాసిన కవర్లో పెట్టి వాళ్లకే ఇచ్చేస్తా.

కస్టమర్‌ని వద్దని పంపించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. గోరు ఆకుపచ్చగా కనిపిస్తే అది ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, లిఫ్ట్ అయిన సందులో తేమ చేరి పెరుగుతుంది, పైన రంగు వేసి దాచమని బతిమాలతారు, వేయకండి. గోరు మందంగా పసుపు రంగులో పొడిపొడిగా రాలుతున్నా, గోరు కిందనుంచి విడిపోయి ఉన్నా, చుట్టూ వాచి చీము ఉన్నా స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపండి. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకి పెడిక్యూర్ చేస్తే కోతలు లేకుండా చాలా జాగ్రత్త, ముందే అడిగి రాసుకోండి.

ప్రాక్టీస్ లెక్క నాది ఇలా పెట్టుకున్నా, 50 చేతులు. ఫ్రెండ్స్, అపార్ట్‌మెంట్ వాళ్లు, పాత ఆఫీసు అమ్మాయిలు, మెటీరియల్ ఖర్చు మాత్రం తీసుకుని. ప్రతి చేతికీ చేసిన రోజు ఫోటో, 14వ రోజు ఫోటో, 21వ రోజు ఫోటో. ఏ వేలు లేచింది, ఎక్కడ లేచింది అని నోట్‌బుక్‌లో రాసేదాన్ని, బిల్లింగ్‌లో క్లెయిమ్ ఎందుకు రిజెక్ట్ అయిందో వెతికిన అలవాటు ఇక్కడ పనికొచ్చింది. నాకు ఎప్పుడూ కుడిచేతి బొటనవేలే లేచేది, చూస్తే అందరికీ నాలుగు వేళ్లతో పాటే బొటనవేలు ల్యాంపులో పెట్టిస్తున్నా, అది పక్కకి తిరిగి లైటు సరిగ్గా పడట్లేదు. అప్పట్నుంచి బొటనవేళ్లు రెండూ విడిగా పెట్టిస్తున్నా, ఆ సమస్య పోయింది.

మన కస్టమర్లు చేత్తో తింటారు, పసుపు వేసిన కూరలు, ఆవకాయ. లేత రంగు గోళ్లు రెండోరోజుకే పచ్చబడిపోతాయి, ముందే చెప్పండి, మరక పట్టని టాప్ కోటు వాడండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోరు ఎర్రగానే వస్తుంది, ఆ ఎరుపు బఫర్‌తో పోదు, గోరు పెరిగే కొద్దీ పోవాల్సిందే, రుద్దకండి. పెళ్లికూతురైతే గోళ్లు ముందు, మెహందీ తర్వాత, ఎందుకంటే మెహందీ అయ్యాక స్పిరిట్‌తో తుడిచి అసిటోన్ తగిలిస్తే వేళ్ల దగ్గర పండిన రంగు వెలిసిపోవచ్చు.

డబ్బు దగ్గరికొద్దాం. నేను మొదట ఇళ్లకి వెళ్లి 600కి సెట్ చేసేదాన్ని. మెటీరియల్ 180, బైక్ ట్యాక్సీ రానుపోను 100, చేయడానికి మూడున్నర గంటలు, ప్రయాణం ఇంకో గంట. లెక్కేస్తే గంటకి 70 రూపాయలు. అప్పుడు రేటు పెంచలేదు, ముందు టైము తగ్గించుకున్నా, రెండు గంటలకి వచ్చాక రేటు పెంచా. ఈ లెక్క మీ చేతులతో మీరు వేసుకోకుండా రిజైన్ చేయొద్దు. వీకెండ్స్‌లో మొదలుపెట్టి, ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, వరసగా మూడు నెలలు పాత కస్టమర్లే రీఫిల్‌కి (గోరు పెరిగిన చోట మళ్లీ జెల్ నింపించుకోడానికి) తిరిగొస్తుంటే అప్పుడు పేపర్లు పెట్టండి, లేకపోతే ఈఎంఐ ఒకపక్క, ఖాళీ కుర్చీ ఒకపక్క, గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఎవరికీ డబ్బులివ్వకండి. ముద్ర లోన్‌లో శిశు కేటగిరీ 50 వేల దాకా తాకట్టు లేకుండా ఉంటుంది. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సర్వీసులకి అక్కర్లేదు.

ఇంట్లో మాట కూడా పడాలి. "చదువుకుని కాళ్లు పట్టుకునే పనా" అని మా మావయ్య అన్నారు. మన పెళ్లిళ్లలో వధూవరుల గోళ్లు తీసే తంతు ఉంది, నాయీ బ్రాహ్మణులు వచ్చి చేసేవాళ్లు, అది లేకుండా పెళ్లిపని ముందుకి కదిలేది కాదు, అంత మర్యాద ఉన్న పని ఇది అని ఆయనతోనే చెప్పా. 1975లో వియత్నాం నుంచి శరణార్థులుగా కాలిఫోర్నియా వచ్చిన ఆడవాళ్లు టిప్పీ హెడ్రెన్ అనే హాలీవుడ్ నటి గోళ్లు చూసి ముచ్చటపడితే, ఆవిడ తన మ్యానిక్యూరిస్ట్‌ని పిలిపించి ఓ 20 మందికి నేర్పించింది, ఇవాళ అమెరికాలో నెయిల్ సెలూన్లు చాలా భాగం వియత్నాం వాళ్లవే. అక్కడున్న మనవాళ్లు కూడా అడుగుతుంటారు, అక్కడ లైసెన్స్ తప్పనిసరి, టెక్సాస్‌లో 600 గంటల ట్రైనింగ్, న్యూయార్క్‌లో 250, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. హెచ్4 వీసా మీద ఉంటే వర్క్ పర్మిట్ లేకుండా ఇంట్లో డబ్బులు తీసుకుని చేసినా తప్పే.

చివరగా క్యాలెండర్. శ్రావణం, మాఘం, ముహూర్తాలున్న రోజుల్లో ఊపిరాడదు, మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా పెళ్లి బుకింగ్స్ ఒక్కసారిగా పడిపోతాయి. మంగళవారం, శుక్రవారం గోళ్లు తీయించుకోకూడదు అనేవాళ్లు ఇప్పటికీ బోలెడు మంది, ఆ రోజుల్లో రిమూవల్స్ పెట్టుకోకుండా నేను టూల్స్ కడగడం, స్టాక్ రాసుకోవడం, కొత్త షేపులు ప్రాక్టీస్ చేయడం పెట్టుకున్నా. కొత్త ఏడాది పంచాంగం రాగానే ముహూర్తాలన్నీ ఫోన్‌లో ఎక్కించేస్తా, దాన్ని బట్టే జెల్స్ ఆర్డర్ పెడతా.