ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ ట్రక్కుకి డ్రాగ్ టైర్లు ఎంచుకునే పద్ధతి

డ్రాగ్ రేసు అంటే ఆగిన చోట నుంచి నేరుగా పావు మైలు ఎవరు ముందు దాటుతారో చూసే పోటీ. దానికి వాడే డ్రాగ్ టైర్ల మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం వెనక చక్రాలు మాత్రమే లాగే తేలికపాటి కార్లకు పనికొచ్చేవి. మూడు టన్నులు దాటిన బరువుతో, ముందు భాగాన భారీ ఇంజిన్ మోసే అమెరికన్ డీజిల్ పికప్‌కి అవే పాటిస్తే టైరో, స్టీరింగ్ రాడ్డో, ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసో, ఏదో ఒకటి పోవడం ఖాయం. ట్రక్కు టైరు విషయంలో ముందు చూడాల్సింది అది మోయగల బరువు. తర్వాత ఎత్తు. రబ్బరు ఎంత మెత్తనిదన్నది ఆ రెండూ తేలాకే.

లెక్కలు గాల్లో ఉండకుండా ఒక బండిని తీసుకుందాం. 2003 షెవీ సిల్వరాడో 2500హెచ్‌డీ, డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్, ఐదు గేర్ల ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, యాక్సిల్ నిష్పత్తి 3.73 (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగాల్సిన చుట్లు). డ్రైవర్‌తో కలిపి 7,000 పౌండ్లు, అంటే దాదాపు 3,175 కిలోలు. చక్రాల దగ్గర 650 హార్స్‌పవర్. పట్టు సరిగ్గా దొరికితే ఇలాంటి బండి పావు మైలుని సుమారు 12.9 సెకన్లలో, గంటకి 106 మైళ్ల వేగంతో దాటుతుంది.

కాటా మీద మొదలుపెట్టండి

హైవే పక్కన లారీలు ఆగే చోట కాటా ఉంటుంది. మీరు సీట్లో కూర్చుని, రేసుకి పోసుకునేంత డీజిల్ పోసి, వెనక తొట్టి ఖాళీగా ఉంచి తూకం వేయించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా రాయించుకోవాలి. మన బండిలో 58 శాతం ముందే పడిందనుకుందాం. అంటే ముందు యాక్సిల్ మీద 4,060 పౌండ్లు, ఒక్కో ముందు టైరు మీద 921 కిలోలు.

ఇప్పుడు టైరు పక్కన ముద్రించిన లోడ్ ఇండెక్స్ చూడండి. 108 అంటే 1,000 కిలోలు, 110 అంటే 1,060, 120 అంటే 1,400. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: సైజు ముందు ‘ఎల్‌టీ’ (లైట్ ట్రక్) అని లేని టైరు కారు తరగతిది. దాన్ని ట్రక్కుకి వేస్తే ఆ అంకెని 1.1తో భాగించాలి. అప్పుడు 108 కాస్తా 909 కిలోలకు దిగుతుంది, మన బండికి చాలదు. 110 అయితే 964 కిలోలు వస్తుంది, బొటాబొటిగా సరిపోతుంది. డ్రాగ్ రేడియల్స్‌లో, అంటే రోడ్డు మీద కూడా నడపగలిగే మెత్తటి రబ్బరు రేసు టైర్లలో, చాలా సైజులు కార్ల కోసం చేసినవే కాబట్టి ఈ భాగహారం చేయకుండా డబ్బు కట్టొద్దు. ఇంకొకటి, ఆ బరువు పూర్తి గాలి ఉన్నప్పటి లెక్క. గాలి తగ్గించిన మేరకు మోసే శక్తీ తగ్గుతుంది, కాబట్టి తగ్గించిన గాలి ట్రాక్ మీది పరుగుకే.

లోడ్ అంకె పక్కనే వేగం అక్షరం ఉంటుంది. క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210. మన బండి ముగింపు గీత దాటేటప్పటికి 170 మీద ఉంటుంది. బురద టైర్లలో చాలావాటికి క్యూ రేటింగే కాబట్టి అవి డ్రాగ్ స్ట్రిప్ (రేసు ట్రాక్) మీదికి తేకూడదు. ‘ఎస్’కి తక్కువ తీసుకోవద్దు, ‘హెచ్’ దొరికితే ఇంకా మేలు.

ఎత్తు లెక్క

చిన్న టైరు వేస్తే స్టార్ట్‌లో లాగుడు పెరుగుతుంది, నిజమే. కానీ డీజిల్ ఇంజిన్ పెట్రోలుదానిలా ఆరేడు వేల ఆర్‌పీఎమ్ తిరగదు. ఈ డ్యూరామాక్స్‌ని కంపెనీ ట్యూనింగ్ 3,250 దగ్గరే ఆపేస్తుంది. సూత్రం ఇది: మైళ్ల వేగాన్ని యాక్సిల్ నిష్పత్తితో, గేరు నిష్పత్తితో, 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే ఆర్‌పీఎమ్ వస్తుంది.

106 మైళ్ల దగ్గర, 0.71 నిష్పత్తి ఉన్న ఐదో గేరులో, ఇంజిన్‌ని గేర్‌బాక్సుకి కలిపే టార్క్ కన్వర్టర్ జారకుండా లాక్ అయి ఉంటే 31 అంగుళాల టైరుకి 3,040 పైన, 30కి 3,144, 28కి 3,369. అంటే 28 అంగుళాల టైరు వేస్తే గీత ఇంకా రాకముందే ఇంజిన్ ఊపిరి బిగబట్టేస్తుంది. ఈ బండికి 30 అంగుళాలు సరైనది. 275/60ఆర్17 సైజు దాదాపు అంతే ఎత్తు ఉంటుంది. మీ యాక్సిల్ 4.10 అయితే, ట్యూనింగ్‌లో పరిమితి పెంచి ఉంటే, మీ అంకెలతో మళ్లీ లెక్క కట్టుకోండి.

నాలుగూ ఒకటే

ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగపు స్థితిలో) వేసినప్పుడు ఈ ట్రాన్స్‌ఫర్ కేసు ముందు, వెనక షాఫ్టుల్ని గట్టిగా కలిపేస్తుంది. రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. ముందు, వెనక టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే, జారనివ్వని నేల మీద ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి గొలుసు మీద, గేర్ల మీద పడుతుంది. కాబట్టి ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు, ఒకేసారి కొన్న నాలుగు టైర్లు వేయాలి. అరిగిన రెండింటికి కొత్తవి రెండు జత చేయొద్దు. సరిచూడటానికి సుద్దముక్క చాలు: టైరు అడుగున, దాని కింద నేల మీద గీత గీసి, బండిని సరిగ్గా ఒక చుట్టు తోసి, మళ్లీ నేల మీద గీత పెట్టి మధ్య దూరం కొలవండి. నాలుగింటి మధ్య అర అంగుళం తేడా కూడా రాకూడదు.

ఏ రకం రబ్బరు

చక్రాల దగ్గర 500 హార్స్‌పవర్ లోపు అయితే గట్టి పక్కలున్న హైవే రకం ట్రక్కు టైరే చాలు. నాలుగు చక్రాలూ పంచుకుంటాయి కాబట్టి పట్టు దొరుకుతుంది. 600 దాటితే రోడ్డు మీద నడపడానికి డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్న డ్రాగ్ రేడియల్స్‌కి వెళ్లాలి. మికీ థాంప్సన్ ఈటీ స్ట్రీట్ వరస, నిట్టో ఎన్‌టీ555ఆర్ లాంటివి ఈ కోవలోవి. గాడులు తక్కువ, వానలో నీటి మీద తేలతాయి. మబ్బు పట్టిన రోజున వాటితో ఇంటికి బయల్దేరకండి.

గాడులే లేని బయాస్ స్లిక్కులు (లోపలి పొరలు ఏటవాలుగా వేసిన నున్నటి రేసు టైర్లు) ఈ బండికి వద్దు. వేగం పెరిగేకొద్దీ అవి ఉబ్బి ఎత్తు పెరుగుతాయి, పక్కలు మెత్తన కావడంతో ముందు చక్రాలకి వేస్తే స్టీరింగ్ తేలిపోతుంది. వెనక స్లిక్కులు, ముందు రేడియల్స్ వేయడం అంతకన్నా ప్రమాదం.

రిమ్ము

ఈ తరం సిల్వరాడో అసలు రిమ్ము 16 అంగుళాలు, వెడల్పు ఆరున్నర. 275 టైరుకి 8 నుంచి 9 అంగుళాల వెడల్పు కావాలి. బోల్టుల అమరిక 2010 వరకూ ఎనిమిది బోల్టులు, 6.5 అంగుళాలు. 2011 నుంచి 180 మిల్లీమీటర్లు. 1999 తర్వాతి ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 170. ఇవి ఒకదానికొకటి ఎక్కవు. రిమ్ము బయటికి పొడుచుకు రాకూడదు. చక్రం ఎంత బయటికి జరిగితే టై రాడ్డు (చక్రాన్ని పక్కకి తిప్పే స్టీరింగ్ కడ్డీ) మీద అంత మెలి పడుతుంది. ఈ షెవీ ముందు భాగానికి ఉన్న బలహీనత సరిగ్గా అదే: పట్టు దొరికిన క్షణంలో ముందు చక్రాలు లోపలికి తిరిగి, టై రాడ్డు వంగిపోతుంది. మంచి టైర్లు కొనే డబ్బుల్లోంచి రాడ్డుకి బలమిచ్చే తొడుగులకు ముందే పక్కన పెట్టండి.

గాలి, తొలి రోజు

డ్రాగ్ రేడియల్ అయితే చల్లగా ఉన్నప్పుడు నాలుగింటా 30 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. పరుగు తర్వాత టైరు నేలకి తగిలే పట్టీ చూడండి. మధ్యలోనే నలిగి, అంచులు మెరుస్తుంటే 2 తగ్గించండి. అంచులే నలిగి, పక్కన రాసిన అక్షరాల దాకా గీతలు పడితే 2 పెంచండి. ఇంత బరువున్న బండికి 22 కన్నా దిగొద్దు. ఒకసారికి ఒక మార్పే చేసి, మొదటి 60 అడుగుల సమయం పక్కన రాసుకోండి. మిగతా పావు మైలు సమయంలో ట్యూనింగ్, గేర్లు, గాలి వాటం అన్నీ కలిసిపోతాయి. టైరు గురించి నిజం చెప్పేది ఆ 60 అడుగులే.

స్లిక్కుల్ని తడిపి తిప్పడానికి స్టార్ట్‌కి ముందు ఉండే నీళ్ల గుంటలో గాడులున్న టైరు దిగితే ఆ నీళ్లు స్టార్ట్ గీత దాకా మోసుకొస్తుంది. గుంట పక్కనుంచి వెళ్లి, టూ హైలో (వెనక చక్రాలే లాగే స్థితిలో) వెనక చక్రాలు పొగ సన్నగా లేచేదాకా తిప్పి వదిలేయండి. ఆ తర్వాత ఆగి, న్యూట్రల్‌లో ఫోర్ హైకి మార్చి, డాష్‌బోర్డు మీద ఫోర్ హై దీపం వెలిగాకే స్టార్ట్ గీత దగ్గరికి రండి. ఫోర్ హైలో ఇలా చక్రాలు తిప్పే బర్నవుట్ చేస్తే ముందు యాక్సిల్ బతకదు.

బయల్దేరేటప్పుడు బండి గంతులేస్తే వెంటనే కాలు తీయండి. పట్టు దొరికి, తప్పి, మళ్లీ దొరికే ఆ కుదుపుల్లోనే షాఫ్టులు విరుగుతాయి. అప్పుడు గాలి 2 పెంచి, స్టార్ట్‌లో బూస్ట్ (టర్బో ఇంజిన్లోకి తోసే గాలి ఒత్తిడి) తగ్గించి చూడాలి. అంతకన్నా మెత్తని టైరు కొనడం దానికి మందు కాదు.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి దగ్గర్లో ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది, అక్కడ పావు మైలు మొత్తం కాంక్రీటే. ఎక్కడికి వెళ్లినా, అమెరికాలో డ్రాగ్ రేసుల్ని నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా వెళ్తే హెల్మెట్ తప్పనిసరి. 11.99కి చేరితే టైర్లకి లోహపు వాల్వులు ఉండాలి. అవి మొదటి రోజే వేయించుకోవడం మంచిది.

వాడిన టైర్లు కొంటే డీఓటీ వరస చివరి నాలుగు అంకెలు చదవండి. 2321 అంటే 2021లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా, గోరు నొక్కితే దిగని రబ్బరు గట్టిపడిపోయినట్టే. ఇంటికి బయల్దేరే ముందు గాలి మళ్లీ నింపి, చక్రాల నట్లు 140 ఫుట్ పౌండ్లకు బిగించండి. 50 మైళ్లు నడిచాక మరోసారి బిగించండి.