1964 నాటి బ్రెజిల్ సినిమాను విజయనగరంలో ప్రదర్శించాలంటే

బ్రెజిల్ ‘సినెమా నోవో’ (కొత్త సినిమా) ఉద్యమానికి కీలకమైన 1964 సంవత్సరాన్ని విజయనగరంలో నలుగురికీ పరిచయం చేయదలచినవారు నెల్సన్ పెరైరా దోస్ సాంతోస్ 1963లో తీసిన ‘విదాస్ సెకాస్’తో మొదలుపెట్టడం మేలు, అది మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవ పోటీలో నిలిచింది. ఈశాన్య బ్రెజిల్‌లో కరవుకు తాళలేక నడకదారి పట్టిన కుటుంబం కథ కనుక, వలసలు ఎరిగిన మన ప్రాంతంవారికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఆరంభంలో ఎడ్లబండి చక్రం కిర్రుమనే చప్పుడే సంగీతంలా వినిపిస్తుంది కాబట్టి స్పీకర్లను ముందే సరిచూసుకోవాలి. ఎండ కళ్లు చెదిరేంత తెల్లగా కనబడినా ప్రొజెక్టరు వెలుగు తగ్గించకూడదు, ఆ తెలుపు కావాలని పెట్టినదే.

తరువాత గ్లౌబర్ రోషా 1964 చిత్రం ‘బ్లాక్ గాడ్, వైట్ డెవిల్’ వేయండి. ఇది కొంత కొరుకుడుపడదు గాని, పాటగాడు కథ నడిపే తీరు బుర్రకథ విన్నవారికి కొత్తగా ఉండదు.

ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లోనే సైన్యం అధికారం చేజిక్కించుకుందని చెప్పి, ఎదువార్దో కౌటిన్యో చిత్రం ‘కాబ్రా మార్కాదో పరా మొర్రెర్’ను చివర చూపండి: రైతు నాయకుడి హత్యపై ఆయన మొదలుపెట్టిన చిత్రీకరణ ఆ సైనిక కుట్రతో ఆగిపోగా, అందులో నటించిన పల్లెవాసులను వెతికి పట్టుకుని 1984లో పూర్తిచేశారు. ఇది చూశాక చర్చకు గంటైనా కేటాయించాలి.