నాన్న పాత స్కాన్ కాగితాలు పారేయకండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు, ఎవరైనా కిడ్నీ పాడై చనిపోతే ‘ఉద్దానం జబ్బే’ అనేసి ఊరుకుంటారు. పిల్లలకి చిక్కు అక్కడే. ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. కిడ్నీ నిండా నీటిబుడగలు పుట్టే పాలిసిస్టిక్ జబ్బు అలా కాదు, వంశంలో దిగుతుంది. మామూలుగా కనిపించే రకంలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం.

నాన్న అలా పోతే, దినకార్యాలు అయ్యాక ఆయన ఆసుపత్రి సంచి విప్పి, డయాలసిస్ మొదలవకముందు తీసిన అల్ట్రాసౌండ్ రిపోర్టు వెతకండి. తర్వాతది పనికిరాదు. ఏళ్ల తరబడి డయాలసిస్ అయితే ముడుచుకున్న కిడ్నీలోనూ బుడగలు పుడతాయి. పెద్దవాళ్ల కిడ్నీ పొడవు సుమారు 9–12 సెంటీమీటర్లు. రెండు వైపులా 15, 16 ఉండి ‘మల్టిపుల్ సిస్ట్స్’ అని రాసుంటే వంశపారంపర్యమేమో అని అనుమానించాలి. 7, 8కి కుదించుకుపోయి ఉంటే కారణం వేరే అయ్యుండొచ్చు. పెద్ద వయసులో ఒకటి రెండు బుడగలు ఉంటే కంగారు అక్కర్లేదు.

ఆ కాగితం పట్టుకుని కిడ్నీ డాక్టరు దగ్గరకి వెళ్లి మీరూ స్కాన్ తీయించుకోండి. నాన్నకి పాలిసిస్టిక్ జబ్బే అని తేలితే, 15–39 ఏళ్ల పిల్లలకి రెండు కిడ్నీల్లో కలిపి 3 బుడగలు కనిపించినా చాలు, జబ్బు ఉన్నట్టే. 30 లోపు ఏమీ కనపడలేదంటే లేదని కాదు, తర్వాత మళ్లీ చూపించాలి. తోబుట్టువుల్లో ఒకరు ఇంకొకరికి కిడ్నీ ఇద్దామనుకుంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. ఇంట్లో ఎవరికైనా మెదడులో రక్తనాళం చిట్లి ఉంటే డాక్టరుకి అదీ చెప్పండి.

స్కాన్ ఏం చెప్పినా, ఇంట్లో ఒకరు కిడ్నీతో పోయారు కాబట్టి ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో), ఈజీఎఫ్ఆర్ (దాన్ని బట్టి కిడ్నీ ఎంత వడకడుతోందో లెక్కగట్టిన అంకె), మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని) చూపించుకోండి. క్రియాటినిన్ ఒక్కటే చూసి ‘నార్మల్’ అనుకోవద్దు. సగం పని పోయేదాకా అది పెరగకపోవచ్చు. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ తక్కువే పోతుంది, అందుకే మూత్రపరీక్ష ఒక్కటీ చాలదు. ముందురోజు మాంసం తిన్నా, జీడితోటలో ఎండకి వాడిపోయి వచ్చి పరీక్షకి రక్తం ఇచ్చినా క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ 60 లోపుంటే 3 నెలలకి మళ్లీ చేయించండి. అప్పుడూ అంతే ఉంటే జబ్బు కిందే లెక్క.

బీపీ పొద్దున్నే, టీ తాగకముందు, 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చుని చూసుకోండి. పట్టీ చొక్కా మీద చుడితే అంకె తప్పుతుంది.

ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మాత్రం మానాల్సిందే, అది కిడ్నీకి చేటు.