జర్మనీ వెళ్లే ముందు ల్యాప్‌టాప్, ఫోన్ కూడా సర్దుకోండి

పచ్చళ్లు ఏ డబ్బాలో పెడితే నూనె కారదో, కుక్కర్ ఏ సూట్‌కేసులో పడుతుందో చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో నలుగురుంటారు. ల్యాప్‌టాప్‌లో ఏం తీసేసి విమానం ఎక్కాలో మాత్రం ఎవరూ చెప్పరు. అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి బయల్దేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు టొరెంట్ సాఫ్ట్‌వేర్. "అక్కడికెళ్లాక వాడనులే" అనుకుంటే చాలదు, ఇక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. హైదరాబాద్‌లో సగం దిగిన సినిమా, అక్కడ హాస్టల్ వైఫై తగలగానే మీకు తెలియకుండానే మళ్లీ మొదలవుతుంది. పైగా టొరెంట్‌లో సినిమా దిగుతున్నంతసేపూ దాని ముక్కలు మీ ల్యాప్‌టాప్ నుంచి ఇతరులకు వెళ్తూనే ఉంటాయి. చట్టం దృష్టిలో మీరు సినిమా చూసినవాళ్లే కాదు, పంచిపెట్టినవాళ్లు కూడా. హక్కుదారుల తరఫున పనిచేసే కంపెనీలు అదే టొరెంట్‌లో చేరి ఐపీ అడ్రస్, టైమ్ నోట్ చేసుకుంటాయి. జర్మనీ కాపీరైట్ చట్టం 101వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తెచ్చుకుని, ఆ కనెక్షన్ ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీ నుంచి తెలుసుకుంటాయి. ఆ తర్వాత లాయర్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. దాన్ని అబ్‌మానుంగ్ అంటారు. ఇకమీదట చేయనని సంతకం పెట్టి, కొన్ని వందల యూరోలు కట్టమంటారు. ఒక్కోసారి అది వెయ్యి కూడా దాటుతుంది.

ఉత్తరం వచ్చేది సినిమా చూసినవాడికి కాదు, ఇంటర్నెట్ కాంట్రాక్ట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి. మేం నలుగురం ఉన్న ఫ్లాట్‌లో కనెక్షన్ నా పేరు మీద ఉండేది, సినిమా దింపింది ఇంకొకడు. వారం రోజులు నిద్ర పట్టలేదు నాకు. ఆ టెన్షన్‌లో జత చేసిన కాగితం మీద సంతకం పెట్టేయబోయాను. అలా ఎప్పుడూ చేయకండి. ఆ హామీ ఏళ్ల తరబడి మిమ్మల్ని కట్టిపడేస్తుంది. మళ్లీ అలాంటిది జరిగితే దాని కింద విడిగా జరిమానా కట్టాలి. అలాగని చించి పారేయడమూ పనికిరాదు. గడువు చూసుకుని యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో ఉండే లాయర్ దగ్గరికో, ఫెర్‌బ్రౌహర్‌జెంట్రాలె అనే వినియోగదారుల కేంద్రానికో వెళ్లండి. 2013లో తెచ్చిన సవరణ వల్ల, సాధారణ వ్యక్తికి వచ్చే మొదటి నోటీసులో లాయర్ ఫీజును మామూలుగా కేసు విలువ 1000 యూరోలే అనుకుని లెక్కగట్టాలి. నష్టపరిహారం దానికి అదనం. కాబట్టి అడిగిన మొత్తం న్యాయమైనదా కాదా అని పరిశీలించే అవకాశం ఉంటుంది.

"నేను డౌన్‌లోడ్ చేయలేదు, ఆన్‌లైన్‌లో చూశానంతే" అనే మాట కూడా గట్టిగా నిలబడదు. దొంగ సైట్ అని తెలిసీ అందులో స్ట్రీమింగ్ చూడటం కూడా తప్పేనని యూరోపియన్ యూనియన్ కోర్టు 2017 ఏప్రిల్‌లో తేల్చింది. మనవాళ్లందరికీ తెలిసిన ఆ సైట్ల పేర్లు ఇక్కడ రాయక్కర్లేదు కదా.

రెండోది కాల్ రికార్డర్. మన ఫోన్లలో చాలామందికి అది ఆటోమేటిక్‌గా ఆన్‌లోనే ఉంటుంది. జర్మనీలో అవతలివాళ్లకు చెప్పకుండా వాళ్ల మాటలు రికార్డ్ చేయడం నేరం. శిక్షాస్మృతి 201వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు గానీ, జరిమానా గానీ ఉంటుంది. ఇంటి ఓనర్ డిపాజిట్ తిరిగివ్వనని ఫోన్‌లో అన్నాడనుకోండి, సాక్ష్యంగా ఉంటుందని రికార్డ్ చేస్తే అది మీ మెడకే చుట్టుకోవచ్చు. దానికి బదులు, మాట్లాడిన విషయం రాసి అదే రోజు ఆయనకు ఈమెయిల్ పంపండి.

ఫోటోల విషయంలో అక్కడివాళ్ల పట్టింపు మనకు చాదస్తంలా అనిపిస్తుంది. దాని వెనక ఓ కథ ఉంది. 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయినప్పుడు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రిపూట ఆ గదిలో దూరి శవాన్ని ఫోటో తీశారు. ఆ గొడవ కోర్టుకెక్కింది. 1907లో వచ్చిన చట్టం, మనిషి ఫోటోను అతని అనుమతి లేకుండా పదిమందికి చూపించకూడదని చెప్పింది. ఆ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉంది. ట్రామ్‌లో నిద్రపోతున్న ముసలాయన్ని రీల్‌లో పెట్టి నవ్వించాలని చూడకండి. ప్రమాదంలో పడిపోయి ఉన్న మనిషిని వీడియో తీయడమైతే నేరుగా క్రిమినల్ కేసే.

స్వస్తిక్ గురించి కూడా చెప్పాలి. చట్టం నిషేధించింది నాజీల గుర్తులను, మన పూజలో వాడే గుర్తును కాదు. కానీ మెట్ల మీద పోయే పొరుగింటామెకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? గుమ్మానికి, బైక్‌కి, వాట్సాప్ స్టేటస్‌కి కాకుండా పూజ గదిలోనే ఉంచుకోండి.

"జర్మనీలో తెలుగు అబ్బాయి" లాంటి యూట్యూబ్ చానల్ పెట్టాలనుకునేవాళ్లు కాస్త ఆగి చదవండి. డబ్బు సంపాదించే చానల్‌కి ఇంప్రెసుమ్ ఉండాలి. అంటే మీ అసలు పేరు, పోస్టు బాక్స్ కాని నిజమైన చిరునామా, ఈమెయిల్ అందరికీ కనిపించేలా పెట్టాలి. లేకపోతే జరిమానా 50,000 యూరోల దాకా వెళ్లొచ్చు. 2024 మే నుంచి ఇది జర్మనీ డిజిటల్ సర్వీసుల చట్టం 5వ సెక్షన్ కిందికి వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికే పాత నమూనాల్లో ఇంకా రద్దయిన చట్టం పేరే ఉంటుంది, గుడ్డిగా కాపీ కొట్టకండి. స్పాన్సర్ డబ్బిస్తే ప్రకటన అని స్పష్టంగా రాయాలి. వీటన్నిటికంటే పెద్ద చిక్కు వీసాతో. స్టూడెంట్ పర్మిట్ ఉన్నంత మాత్రాన సొంత వ్యాపారం చేసుకునే హక్కు రాదు. మొదటి యాడ్ డబ్బులు పడకముందే విదేశీయుల ఆఫీసులో అడగండి. చానల్‌లో వీడియో తీసేస్తే, కారణం చెప్పాల్సిన బాధ్యత ఆ కంపెనీదే. యూరప్ డిజిటల్ సర్వీసుల చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని కింద జర్మనీలో ఫిర్యాదులు చూసేది బుండెస్‌నెట్జ్‌అగెన్‌టూర్ అనే ప్రభుత్వ సంస్థ.

పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో ఒక మోసం నడుస్తోంది. "మా బ్యాంక్ యాప్‌ని టెస్ట్ చేయండి" అంటూ వీడియో కాల్‌లో మీ పాస్‌పోర్ట్ చూపించమంటారు. నిజానికి అది టెస్ట్ కాదు, మీ పేరు మీద అసలు ఖాతాయే తెరుచుకుంటుంది. దొంగ డబ్బు అందులో తిరుగుతుంది, పోలీసులు వచ్చేది మీ దగ్గరికి. పాస్‌పోర్ట్‌తో వీడియో కాల్ అడిగే ఉద్యోగం ఏదైనా వదిలేయండి.

ఫోన్, ఇంటర్నెట్ కాంట్రాక్టులు మామూలుగా 24 నెలలుంటాయి. 2021 డిసెంబర్ నుంచి, ఆ గడువు అయ్యాక నెల నోటీసుతో ఎప్పుడైనా మానేయొచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకున్నది 14 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.

దిగిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. కింద పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. పేరు లేకపోతే ఉత్తరం రాదు, ఉత్తరం రాకపోతే గడువు ఎప్పుడు దాటిందో తెలియదు. పసుపు కవరు వస్తే అది కోర్టు నుంచో, ఏదో ప్రభుత్వ ఆఫీసు నుంచో వచ్చిందని అర్థం. మీరు ఇంట్లో లేకపోయినా డబ్బాలో వేశారంటే అందినట్టే లెక్క. డబ్బు కట్టమని కోర్టు పంపిన నోటీసైతే అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే టైమ్. లోపలి కాగితం తీసుకుని కవరు పారేయకండి. పోస్ట్‌మ్యాన్ తేదీ రాసేది ఆ కవరు మీదే.